మిడి ఫైల్లో పట్టని గొంతు

పారెయ్యడం మా ఇంట్లో నేను ఎవరికీ నేర్పలేదు. చోళ్ళ విత్తనాలు, రాగులు, ఎండిన ఆనపబుర్రలో పోసి పొయ్యి పైన వేలాడదీస్తాను, పొగకు పురుగు పట్టదని. చిరిగిన చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, చదువు మిగుల్చుకోలేదు గానీ మిగతావి దాచడం నాకు తెలుసు. అందుకే మా చెల్లి గొంతు పోయిన తీరు నాకు మింగుడు పడదు.

చెల్లీ నేనూ ఒకే ఇంటి కోడళ్ళం, అన్నదమ్ములకి ఇచ్చారు. కొండ వాలు మీద మా చోళ్ళ చేలో కలుపు తీసేటప్పుడు ముందు నడిచేది ఎప్పుడూ అదే, పాట ఎత్తేదీ అదే. మా వైపు కలుపు పాటకి ఒక పద్ధతి ఉంది. పాడే మనిషి ఊరికే పాడదు. వెనకబడినదాన్ని ఒకదాన్ని పట్టుకుని పాటలోనే ఎగతాళి చేస్తుంది. అందరూ నవ్వుతారు, తిట్టించుకున్నది ఎదురు మాట విసురుతుంది, ఆ గోల తగ్గేదాకా పాట ఆగుతుంది. తగ్గాక మళ్ళీ అందుకుంటుంది. రోజూ మాటలు మారతాయి, వరస ఒకటే.

నా మీద మాత్రం, సొంత అక్కనైనా, దానికి మాట కూడా మారేది కాదు.

"అంబలిలో ఉప్పుకల్లు లెక్కెట్టి ఏసే అప్పా, కలుపు కూడా లెక్కెట్టి పీకుతన్నావేటే!"

"నా ఉప్పు తినీసే నీకా గొంతు!" అని నేను అనేదాన్ని. అందరూ మళ్ళీ నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. నా ఎదుట మా కోడళ్ళు తల ఎత్తరు, కొడుకు దారి మార్చుకుని పోతాడు. నన్ను అంత మాట అనగల మనిషి ఇంట్లో అదొక్కతే.

నా కొడుకు కూతురు విశాఖలో డిగ్రీ చదివి వచ్చింది. ముందు గదిలో కంప్యూటరు, ఒక చిన్న కీబోర్డు, రెండు స్పీకర్లు పెట్టుకుని, అరకు రిసార్టుల వాళ్ళ వీడియోలకి సంగీతం కడుతుంది. పోయిన ఏడాది వానల్లో చేలోకి వచ్చి, ఫోన్ పట్టుకుని చెల్లి పాటంతా రికార్డు చేసింది. నా ఉప్పు మాట కూడా అందులో పడింది. అప్పటికే చెల్లి గొంతు కాస్త బొంగురుగా ఉంది. జలుబు అనుకున్నాం. మిరియాల కషాయం పోశాను. జలుబు కాదు. దీపావళి వెళ్ళాక ఆసుపత్రిలో, మాట పుట్టే చోటే కోసి తీసేశారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు మెడలో పెట్టిన రంధ్రం గుండా ఊపిరి పీలుస్తుంది. మాట లేదు.

ఈ ఏడు కలుపు మొదలయ్యే ముందు, ఒక ఉదయం చెల్లి మా గుమ్మంలోకి వచ్చింది. మనవరాలి ఫోన్ చూపించింది, తన గొంతు చూపించింది, చెవి మీద చెయ్యి పెట్టుకుంది. తన గొంతు తను వినాలని.

"ఉంది సిన్నమామ్మా, బాగా సేసి ఉంచాను. కూకో, వినిపిత్తాను," అంది ఆ గుంట, నా మనవరాలు.

ఇద్దరం పీటలేసుకుని కూర్చున్నాం. కంప్యూటర్లో నల్లటి పలక మీద నారు నాటినట్టు పచ్చని గీతలు, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. గుంట ఏదో నొక్కింది. పిల్లనగ్రోవి మోగింది.

"బాగుంది. ఇది ఆపీసి దాని పాటెయ్యి," అన్నాను.

"ఇదే పాట మామ్మా. వాయిద్యం నచ్చకపోతే మార్సుతాను."

నొక్కితే అదే వరస వయొలిన్ మీద వచ్చింది. మళ్ళీ నొక్కితే సన్నాయి. "మనుసుల గొంతులు కూడా ఉన్నాయి," అని ఇంకోటి పెట్టింది. చర్చిలో గుంపు పాడినట్టు, ఒక్క మాట లేకుండా ఆ, ఆ అని.

"ఎవులివే ఆ గొంతులు?"

"ఎవులివీ కావు. వర్చువల్. కంప్యూటరే పలుకుతాది."

ఎవరివీ కాని గొంతులు మా చెల్లి పాట పాడుతున్నాయి. చెల్లి నా పక్కన నోరు మూసుకుని కూర్చుంది.

"దాని గొంతేదే?"

గుంట చేతులు ఆగాయి. "ఫోన్ నిండిపోనాది మామ్మా. పాటని మిడి ఫైలుగా మార్సీసి ఆడియో తీసీసాను. ఆపరేసను అవుతాదని అప్పుడెవులికి తెలుసు? స్వరాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. మజ్జిలో ఊరికే ఆగిన సోటులు కూడా తీసీసి తాళానికి సరిసేసాను. సైజు సూడు, ఎంత సిన్నదో! తక్కువలో పని కానిమ్మని నువ్వే కదా అంటావు."

నా మాట నాకే అప్పజెప్పింది. మిడి అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. ఏ స్వరం ఎప్పుడు మొదలవ్వాలో, ఎంతసేపు ఉండాలో, ఎంత గట్టిగా పలకాలో, అంతే రాసి ఉంటుందట. శబ్దం అందులో ఉండదట. ఏ వాయిద్యానికి అప్పగిస్తే ఆ వాయిద్యం పలుకుతుందట. ఏ గింజ ఎక్కడ నాటాలో అన్నీ రాసుకుని, ఆనపబుర్రలోని గింజలు పారబోసినట్టుంది. చిన్నది కాక ఏమవుతుంది!

"అది ఊరికే ఆగిందనుకున్నావేటే?" అన్నాను. ఇంకా అనేదాన్నే. చెల్లి నా మోచెయ్యి నొక్కింది. మళ్ళీ వెయ్యమని గుంటకి సైగ చేసింది.

గుంట పిల్లనగ్రోవే పెట్టింది. చెల్లి కళ్ళు మూసుకుంది. ఒళ్ళో దాని వేళ్ళు కలుపు పీకుతున్నట్టు కదిలాయి. పాట నా చోటుకి వచ్చింది. చెల్లి కళ్ళు తెరిచి నా వైపు తిరిగి, ఎడమ అరచేయి చాచి, కుడి చేతి రెండు వేళ్ళతో అందులో ఒక్కొక్క ఉప్పుకల్లూ వేసినట్టు చూపించింది. దాని ముఖంలో అదే పాత దొంగనవ్వు.

"నా ఉప్పు తినీసే..." అని నేను మొదలుపెట్టాను. మాట పూర్తి కాలేదు. పిల్లనగ్రోవి ఆగలేదు. మా కోసం ఆగే చోటు అందులో లేదు. రెండు చరణాలు దాటిపోయింది. చెల్లి అరచేయి అలాగే చాచి ఉంది. పాటని అందుకుందామని వేళ్ళు ఆడించి చూసింది, అందలేదు. చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"ఆపీ," అన్నాను. "కరెంటు దండగ."

ఆ గుంటతో నేను మాట్లాడి రోజులవుతోంది. తప్పు తెలియక చేసింది అంటాడు నా కొడుకు. తెలిసి పారేసినా తెలియక పారేసినా పోయింది పోయినట్టే.

కలుపు మొదలైంది. చెల్లి ఇప్పటికీ ముందే నడుస్తుంది, మెడకి పల్చటి గుడ్డ చుట్టుకుని. ఎవరూ పాట ఎత్తడం లేదు. నేను ఎప్పటిలాగే వెనకబడుతున్నాను. కోడళ్ళు చూస్తారు. ఎవరూ ఏమీ అనడం లేదు.