మావయ్యగారు దాటేసిన పంక్తి

నిన్న పొద్దున్న పక్కింటి కోడలు పిట్టగోడ మీంచి తొంగిచూసి, మా పెరట్లో వేపాకు రెండు రెమ్మలు కోసుకోవచ్చా అని అడిగింది. అమ్మవారికా అంటే సిగ్గుపడిపోయి, కాదు పిన్నిగారూ, పిల్లాడి చేత పాలు మాన్పించాలి అంది. కోసిచ్చి లోపలికొచ్చి కూర్చున్నాను. ఆ వేపరెమ్మలు చూస్తే ఎవరికైనా ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం అమెరికా వాళ్ళ పాత కవిత్వం గుర్తొచ్చింది. నవ్వకండి, చెబుతాను.

నేను కొత్తపేటకి కాపురానికొచ్చేనాటికి నా బి.ఏ. పూర్తయింది. అమలాపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మావయ్యగారు, కోడలి చేత ప్రైవేటుగా ఎం.ఏ. కట్టించి తీరాలని పట్టుబట్టారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధరుగు మీద పడక్కుర్చీలో ఆయన, గుమ్మానికి ఇవతల పీట మీద నేను, మధ్యలో తలుపు రెక్క. పాఠమంతా ఆ రెక్క మీదుగానే నడిచేది. సిలబస్‌లో ఒక పేపరంతా, కొన్ని వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు వదిలి ఓడలెక్కి అమెరికా చేరిన ప్యూరిటన్ల పద్యాలు. వాళ్ళు మహా భక్తులు. పంటకి పురుగు పట్టినా, ఓడ మునిగినా, ఆఖరికి బిడ్డ తుమ్మినా అందులో దేవుడు తమకేం చెబుతున్నాడా అని వెతుక్కునేవారు. పండగలు మాత్రం లేవు, క్రిస్మస్ కూడా చేసుకునేవారు కాదని మావయ్యగారు చెబితే, వంటింట్లోంచి అత్తగారు, పిండివంటలు లేకుండా ఎలా బతికేరో పాపం అని నిజంగానే బాధపడ్డారు. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. పాఠం మాత్రం ఒక్కరోజూ మానకుండా వినేవారు.

మావయ్యగారికి పద్యాన్ని గబగబా చదివితే ఒళ్ళు మండేది. పీచు తీస్తే గానీ కాయ కనపడదనేవారు. ఒక్కో మాట పట్టుకుని అరగంట కూర్చునేవారు. అంత ఓర్పున్న మనిషికి దేవుడితో మాత్రం మాటల్లేవు. వాళ్ళ తొలిచూలు ఆడపిల్ల పుట్టిన ఏడో నెలలో జ్వరమొచ్చి పోయిందట. మూడో రోజున అత్తగారు తలంటుకుని దీపం పెట్టారట. అప్పట్నుంచి ఆయన దేవుడి గదిలో అడుగుపెట్టలేదు. కోపం దేవుడి మీద కంటే దీపం పెట్టిన మనిషి మీదే ఎక్కువని నాకు కొన్నాళ్ళకి అర్థమైంది. ఒకసారి నాతో అననే అన్నారు, "మూడ్రోజుల్లో మర్చిపోయేరమ్మా మీ అత్తగారు" అని.

ఆ రోజు పాఠం బిడ్డను పోగొట్టుకున్న ఒక ప్యూరిటన్ తల్లి పద్యం. మొదట ఏడుస్తుంది, తరవాత తమాయించుకుని, దేవుడు చేసింది మంచికే అని తలవంచుతుంది. ఆ తలవంచడం దగ్గరికొచ్చేసరికి మావయ్యగారు పుస్తకం ఒళ్ళో బోర్లించేశారు. ఇక్కణ్ణుంచి అంతా అబద్ధం అన్నారు. ఆ చోటే ఉన్న ఒక పంక్తిని మాత్రం, అది నువ్వు చదువుకో అమ్మా అని దాటేశారు. కాలేజీలోనూ ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల ముందు అలాగే దాటేశారట. ఆయన కునుకు తీస్తుండగా చదివాను. ఈ లోకం ఒక తల్లి రొమ్ము, మనం వదలని పసివాళ్ళం, దేవుడే తల్లై దానికి చేదు పూసి మనచేత మాన్పిస్తాడు. ప్యూరిటన్లకి బాగా అలవాటైన పోలికే ఇది.

సరిగ్గా ఆ వారమే నేను మా పిల్లాడి చేత పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకుంటున్నాను. వాడు ఒక్కసారి నోరు పెట్టి, మొహం చిట్లించి, శత్రువును చూసినట్టు నన్ను చూసి ఏడ్చాడు. నాకేమో పాలు గడ్డకట్టి, చెయ్యెత్తలేని నొప్పి, జ్వరం. పద్యం అబద్ధం కాదని మావయ్యగారికి చెప్పాలని ఒకటే ఆరాటం. మామగారి ఎదుట ఆ మాట ఎత్తడమెలా? వంటింట్లోకెళ్ళి అత్తగారికి ఆ పంక్తి తెలుగులో చెప్పాను. ఆవిడ రుబ్బురోలు దగ్గర్నుంచి లేచి, పిండి చేతులతోనే అరుగు మీదికి వెళ్ళిపోయారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ఏవండీ, ఆ పద్యంలో దేవుడు చేదు రాసుకున్న తల్లంటండి. బిడ్డకి ఆ చేదు ఒక్క క్షణవేనండి. తల్లికి పాలు ఆగవు కదండీ, రోజుల తరబడి సలిపేస్తాది. ఆ సలుపు దేవుడికీ ఉంటాదనే ఆ పద్యం చెప్పినావిడ తలొంచిందండి" అన్నారు.

మావయ్యగారు కళ్ళజోడు తీశారు. నీకెలా తెలుసని అడిగారు.

"పాప పోయేక పదకొండు రోజులు పాలొచ్చేయండి. మల్లె పాదులో పిండేసేదాన్ని. మీరు దేవుడి గుమ్మంకేసి చూడ్డం మానేసేరు, నా మొహంకేసీ మానేసేరు. ఇంకెవరితో చెప్పుకోనండి? దీపం పెట్టుకుని అక్కడ చెప్పుకున్నాను."

 ఆయన పక్కనున్న బల్ల చూపించి కూర్చోమన్నారు. ఆవిడ ఆ అరుగు మీద ఆయన పక్కన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కూర్చున్నారు.

"దాని మొహం నీకు గుర్తుందా?"

"ఆయ్" అన్నారు అత్తగారు.

నాకు కన్నీళ్ళు ఆగక లోపలికొచ్చేశాను. ఆ పేపర్లో నాకు అత్తెసరు మార్కులే వచ్చాయి. మావయ్యగారు ఆ తరవాత కూడా దేవుడి గదిలోకి వెళ్ళలేదు. సాయంత్రం ఆవిడ దీపం పెట్టి వచ్చేదాకా అరుగు మీద కాఫీ తాగకుండా కూర్చునేవారు, అంతే. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. ఆ ఇద్దరికీ అది ముప్ఫయ్యారేళ్ళపాటు ఏమీ మరిపించలేదు. ఒక బిడ్డ కోసం ఇద్దరూ ఒక్కచోట కూర్చుని ఏడవడానికే అంత కాలం పట్టింది.