ఆటలో మా నాయన వేషం

మొన్న ఆదివారం మా అమ్మాయి హైదరాబాదు నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చింది. విప్పితే లోపల రంగురంగుల పాచికలు. మనం ఎరిగిన ఆరు ముఖాలవి కావు, ఎనిమిది ముఖాలవీ, పన్నెండు ముఖాలవీ, రేగుపండంత లావున ఇరవై ముఖాలది కూడా ఒకటి ఉంది. ఈ ఆటకు బోర్డు ఉండదనీ, గెలుపోటములుండవనీ, నలుగురు కూర్చుని తలా ఒక వేషం ఎత్తుకుని ఆ మనిషిలాగే మాట్లాడుతూ కథ నడపాలనీ, నాకు అర్థమయ్యేలా చెప్పడానికి పాపం చాలా తంటాలు పడింది. నేనూ కొత్తగా వింటున్నవాడిలా తల ఊపుతూ కూర్చున్నాను. ఆమె ఇంకా అంగన్‌వాడీకి పోతున్న రోజుల్లో సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర నేను ఇలాంటి ఆటే ఆడానని చెప్పలేదు. అంతలో, రాబోయే ఆటలో తనది గొర్లకాపరి వేషమని చెప్పి, "తాత ఎట్ల మాట్లాడేటోడు నాన్నా, ఒక్కసారి చేసి చూపియ్యి" అని అడిగింది. మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి పోయాను.

నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి, పక్కవాడు తొంగిచూడకుండా కుర్చీ అడ్డం జరుపుకుని కూర్చున్న తరం మనది, మీకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతమది. నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. కొత్త బస్టాండు దగ్గరి నెట్ సెంటరు మా ఊరి పటేలు కొడుకుది. మాది పెన్‌పహాడ్ వైపు ఒక చిన్న ఊరు. వాళ్ళకు భూములు, మాకు గొర్రెలు. వాళ్ళ పంట కోసుకున్నాక ఆ చేలల్లో మా మంద మేసేది, రాత్రిళ్ళు అక్కడే పడుకుని ఎరువిచ్చేది. వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాడు నన్ను 'ఒరే' అనేవాడు, నేను వాణ్ని 'పటేలా' అనేవాణ్ని. మీసాలు రాకముందు నుంచీ అంతే. అందులో తప్పున్నట్టు ఊళ్ళో ఎవరికీ తోచలేదు.

ఆ ఆటను వాడే పట్టుకొచ్చాడు. ఏ దేశంలోనో ఒకాయన, వెనక కంపెనీ గింపెనీ ఏదీ లేకుండా, ఇంట్లో కూర్చుని రాసుకుని ఇంటర్నెట్లో పెట్టిన ఆట. ప్రింటరులో సిరా అయిపోయేదాకా అచ్చు తీసి, మా కాలేజీ ఇంగ్లీషు మేడమ్ చేత అర్థం చెప్పించుకున్నాం. మేడమ్‌ది మిర్యాలగూడ. మాట మెత్తనే కానీ ఆటలో మనుషులను చంపడంలో ఆమెను మించినవారు లేరు. నాలుగో మనిషి పటేలు కొడుక్కి బావ, కోదాడలో పురుగుమందుల దుకాణం ఆయనది. ఏ కథైనా సరే, "నన్ను రాజుని చెయ్యండి, ఇద్దరు భార్యలుండాలి" అని మొదలుపెట్టేవాడు. ఆ వింత పాచికలు మాకెక్కడ దొరుకుతాయి? పచ్చీసు గవ్వలు వేసుకునేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు నెట్ సెంటరు మేడ మీది గదిలో చాప పరుచుకుని కూర్చుంటే సాయంత్రం బస్సుల హారన్లు కూడా వినిపించేవి కావు.

కథ చెప్పేవాడు ఎప్పుడూ పటేలు కొడుకే, వేషాలు పంచేదీ వాడే. కోదాడ బావ రాజు, మేడమ్ రాణి లేదా మంత్రగత్తె, నేను మాత్రం ఎప్పుడూ దివిటీ పట్టేవాణ్నో, గుర్రాన్ని తోమేవాణ్నో. "నీకు గదే నప్పుతది రా" అనేవాడు. చంపడానికి కూడా నేనే ముందు. సాగర్ ఎడమ కాలువలో ముంచాడు, గడీ గోడలో పెట్టి కట్టించాడు, ఒకసారైతే రాజుగారి కుక్కకు బదులు నన్ను పులికి వేశాడు. అందరం కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం, నేను కూడా. ఆ ఆటలోని క్రూరత్వమే మాకు రుచి, దాచడమెందుకు. అయినా వారం వారం ఎందుకు పోయేవాణ్నంటే, ఆ గదిలో నలుగురికీ ఒకటే చాప. వాళ్ళింట్లో మా నాయన ఏనాడూ గడప దాటి లోపలికి పోలేదు. పైగా నాకొక ఆశ ఉండేది. ఎప్పుడో ఒకప్పుడు నాకు పెద్ద వేషం రాకపోతుందా, వాణ్ని 'ఏందిరా' అని పిలవకపోతానా అని. బయట చచ్చినా అనలేని మాట అది. ఆటలో అంటే ఎవరూ తప్పు పట్టరు.

మేడమ్ పుణ్యమా అని అదీ జరిగింది. ఆమె ఇంకో చిన్న ఆట వెతికి తెచ్చింది. అందులో వేషాలు చీటీలు వేసి తీయాలి, వచ్చిన వేషం కాదనకూడదు, కథ తేలేదాకా ఆ మనిషిలాగే ఉండాలి. నాకు దొర వచ్చింది. పటేలు కొడుక్కి జీతగాడు వచ్చింది. వాడు మార్చుకుందామన్నాడు. "ఆట ఆట లెక్కనే ఆడాలె సార్" అని మేడమ్ ఒప్పుకోలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా మంద వాళ్ళ పెసర చేలో పడింది. పటేలు మా నాయనను పిలిపించి, నడి ఎండలో, వాకిట్లో, చెప్పులు నెత్తిన పెట్టించి నిలబెట్టాడు. నేను గేటు బయట ఉన్నాను. వాడు అరుగు మీద కూర్చుని, గిన్నెలో అటుకులు తింటూ చూస్తున్నాడు. చివరికి పటేలు, "పోరా, ఈ తాపకు ఇడిసిపెట్టిన" అన్నాడు. మరునాడు బడిలో ఆ ముచ్చట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చాప మీద గోడకానుకుని కాలు మీద కాలు వేసుకున్నాను. "ఏందిరా, గొర్లు చేన్ల పడ్డయట?" అన్నాను. వాడు నవ్వాడు. "చెప్పులేవిరా? నెత్తి మీద పెట్టుకో" అన్నాను. వాడి నవ్వు సగంలో ఆగింది. ఆ చేను ఎవరిదో, ఆ చెప్పులు ఎవరివో వాడికి తెలిసిపోయింది. ఆ ఘడియలో నాకు కలిగిన సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు, అబద్ధమెందుకు.

వాడు మెల్లగా లేచాడు. గుమ్మం దగ్గరికి పోయి తన చెప్పులే తీసి నెత్తిన పెట్టుకున్నాడు. కంప్యూటరు మీద కప్పే గుడ్డను భుజాన వేసుకున్నాడు. మోకాళ్ళు కొంచెం వంచాడు. తర్వాత వాడి నోట్లోంచి మా నాయన మాట్లాడాడు. గొర్రెలను అదిలించీ అదిలించీ బొంగురుపోయిన ఆ గొంతు, మాట చివర ఊపిరి లోపలికి లాగి 'ఆఁ' అనడం, భయం వేసినప్పుడు తువ్వాలు కొసతో మూతి తుడుచుకోవడం, ఒక్కటీ తప్పలేదు. "పొట్టేలు ముంగట వడ్డది పటేలా... ఆఁ... మందంత దానెంట వాయె... నీ బాంచెన్... ఆఁ." నన్ను పటేలా అని పిలిచిన మొదటి గొంతు, చూశారా, మా నాయనది! అరుగు మీద అటుకులు తింటూ ఆ పిల్లవాడు ఎంత శ్రద్ధగా చూశాడో అప్పుడు తెలిసింది. కోదాడ బావ, "అబ్బ, ఏం చేశావయ్యా!" అంటూ చాప మీద దొర్లాడు. మేడమ్ కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. వాణ్ని వంచుదామని వేసిన ఎత్తు, వాడు అలవోకగా తీసుకుపోయి మా నాయన నెత్తిన పెట్టాడు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో మా నాయన ఉన్నాడు. అంగడికి వచ్చి, మెట్లెక్కి, చేతిలో జున్నుపాల క్యానుతో నిలబడ్డాడు. ఆ పాలు నాకు కాదు, పటేలు కొడుక్కి. ఎప్పుడొచ్చాడో ఎవరం చూడలేదు. వాడు నెత్తిన చెప్పులతో అలాగే బిగుసుకుపోయాడు. మా నాయన నవ్వాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అచ్చం నా లెక్కనే జేసినవ్ పటేలా! మావోడు ఇంత సదువు సదివిండు గని వీనికెక్కడొస్తది గిది! ఇంకోపారి జెయ్యరాదు" అని గుమ్మం దగ్గర, అందరి చెప్పుల పక్కన, చతికిలబడ్డాడు. వాడు ఇంకోసారి చేశాడు.

అప్పుడు మేడమ్, దొర తీర్పు చెబితేనే ఆట తేలుతుందని గుర్తుచేసింది. నేను విన్న దొర తీర్పు ఒక్కటే. "పోరా, ఈ తాపకు ఇడిసిపెట్టిన" అన్నాను. మా నాయన నవ్వు టక్కున ఆగింది. కూర్చున్నవాడు లేచి, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకు కూడా తెలియదనుకుంటాను. తర్వాత తేరుకుని, బస్సుకు ఆలస్యమవుతోందని పోయాడు.

తర్వాత నేను మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. ఫోన్లలోకి అన్నీ వచ్చాక నెట్ సెంటరూ మూతపడింది, మేడమ్ పెళ్ళి చేసుకుని మళ్ళీ మిర్యాలగూడకే పోయింది. ఆ వేషం మాత్రం పోలేదు. ఊళ్ళో ఏ పెళ్ళయినా, పండగయినా పటేలు కొడుకు చేత మా నాయన వేషం వేయించేవాళ్ళు, అడిగేవాళ్ళలో మా నాయనే ముందుండేవాడు. ఇంత పెద్దింటి పిల్లవాడు తనలా మాట్లాడుతున్నాడని ఆయన మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండేది.

రాష్ట్రం వచ్చిన ఏడే ఆయన పోయాడు. దినాల నాడు భోజనాలయ్యాక, షామియానా కింద ఎవరో పటేలు కొడుకుని కదిలించారు, వాడు కాదనలేక మొదలుపెట్టాడు. రెండు మాటలు అన్నాడో లేదో, ఇంట్లోంచి మా అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని గబగబా వాకిట్లోకి వచ్చింది. మంద తోలుకుని ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళివ్వడం ఆమెకు అలవాటు. అంతమంది మధ్యలో చెంబుతో నిలబడి, ఎవరికివ్వాలో తెలియక చూస్తోంది. వాడే ముందుకొచ్చి ఆ చెంబు అందుకుని తాగాడు. వాణ్ని నేను ఆ రోజు అసహ్యించుకున్నంతగా ఎన్నడూ అసహ్యించుకోలేదు. ఆ నీళ్ళు తాగకపోతే మా అమ్మ ఏమైపోయేదో అని కూడా అనుకున్నాను.

ఇప్పుడు చెప్పులు నెత్తిన పెట్టించేవాళ్ళు లేరు. పటేలు భూములు ప్లాట్లయ్యాయి, పటేలు కొడుకు రాజకీయాల్లో తిరుగుతున్నాడు, నలుగురిలో కనబడితే నన్ను 'సార్' అంటాడు. మా అమ్మాయి తెచ్చిన ఆటలో ఎవరు ఏ వేషమైనా అడిగి తీసుకోవచ్చట. వంటింట్లో నిలబడి, తలుపు దగ్గరగా వేసి, మా నాయనలా మాట్లాడి చూశాను. లెక్కల మాస్టారి గొంతే వచ్చింది. ఆయన ఫొటో ఉంది, తువ్వాలు ఉంది, గొంతు మాత్రం ఎక్కడా దాచుకోలేదు, అప్పట్లో ఆ ఆలోచనే లేదు మాకు. అది ఇప్పుడు ఒక్కడి దగ్గరే ఉంది. వాడి నెంబరు నా ఫోన్లో ఉంది, అడిగితే సంతోషంగా చేస్తాడు కూడా. కానీ 'ఒక్కసారి మా నాయన లెక్క మాట్లాడు' అని వాణ్ని అడగాలంటే, ఆ మాటకు ముందు 'పటేలా' అనకుండా నాకు నోరు తిరగడం లేదు.