లాగకుండా చిక్కు తీసిన చెయ్యి

మా పక్కింటి అక్క పోయింది. మా అమ్మాయి పెళ్లి పందిరికి కట్టిన కొబ్బరాకులు ఇంకా పూర్తిగా ఎండనే లేదు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకానుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయింది. ఆమె కొడుకు మా గుమ్మంలోకి వచ్చి, "మామా, అమ్మ పలకడం లేదు" అన్నప్పుడు నా చేతిలో పెళ్లి ఫోటోల ఆల్బమ్ ఉంది. అందులో కూడా అక్కే ఉంది, మా పిల్ల వెనకాల, జడ పట్టుకుని.

చావు గురించి రాయబోతూ సంతోషం అంటే మీకు వింతగా ఉంటుందేమో. ఏం చెయ్యమంటారు, ఆమెను తలుచుకుంటే నాకు కన్నీళ్లూ సంతోషమూ కలిసే వస్తున్నాయి. ఆమె నాకు తోబుట్టువు కాదు. తమిళనాడు రాజపాళయంలో మా ఇంటికీ వాళ్లింటికీ ఒకటే గోడ. నేను అక్కా అన్నాను, ఆమె తమ్ముడూ అంది, అంతే మా చుట్టరికం. నూలు మిల్లులో దారం కోన్లకు చుట్టే దగ్గర పని చేసి రిటైరైంది. నేను పత్తి గోడౌన్లో మూటలు మోసినవాణ్ణి. నాకు చదువు కొంచెమే. అయినా ఈ నాలుగు మాటలు నేనే రాయాలి అనిపించింది.

పిల్ల మాకు చాలా లేటుగా పుట్టింది. భుజాన వేసుకుని బజారుకు వెళితే "మనవరాలా?" అని అడిగేవాళ్లు. "కాదయ్యా, కూతురు! నా కూతురు!" అని గట్టిగా చెప్పేవాణ్ణి, అడగనివాళ్లకు కూడా వినబడేలా. అలాంటి పిల్లకు దేవుడు ఇచ్చిన జుట్టు ఎలాంటిదంటారు? సాలెపురుగు దారం. చేతిలోకి తీసుకుంటే చేతిలో ఏదో ఉన్నట్టే తెలియదు. నా భార్యదేమో మోకు లాంటి జుట్టు. తన జుట్టును దువ్వినట్టే పిల్ల జుట్టునూ దువ్వేది. రోజూ పొద్దున స్కూలు టైముకు పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది.

ఒకరోజు అక్క గోడ మీంచి తల పెట్టి అడిగింది. "ఏమ్మా మరదలా, పిల్లకి తల దువ్వతా ఉండావా, పత్తి ఏకతా ఉండావా?"

"అంత తెలిసినదానివి వచ్చి దువ్వు వదినా!" అంది నా భార్య.

వచ్చింది. నేలమీద కూర్చుని పిల్లను ముందు కూర్చోబెట్టుకుంది. దువ్వెన పైనుంచి పెట్టలేదు, కొస దగ్గర పెట్టింది. చిక్కు ఉన్నచోటికి కాస్త పైన జుట్టును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. "ఇట్ల పట్టుకుంటే మనం లాగేది తలదాకా పోదు. పిడికిట్లోనే నిలిచిపోతాది" అంది. కొస విడిపోయాక పిడికిలి కొంచెం పైకి. అది విడిపోయాక ఇంకొంచెం పైకి. పిల్ల ఏడవలేదు సరికదా, మధ్యలో నిద్రపోయింది. నా భార్య వంటింట్లోకి వెళ్లి అక్కకు కాఫీ కలిపింది. ఓడిపోయానని ఒప్పుకోవడం ఆమెకు అలాగే వచ్చు.

"సన్ననూలుకి కోపం ఎక్కువ తమ్ముడూ. లాగితే తెగతాది. అడిగితే వస్తాది." మిల్లులో నూలు గురించి నేర్చుకున్న ఈ మాటను అక్క జుట్టుకూ చెప్పేది, పిల్లలకూ చెప్పేది, నా భార్య కోపం గురించి నాకూ చెప్పేది.

నూనె అరచేతిలో తడి కనిపించేంతే వెయ్యాలి, లేదంటే సన్నజుట్టు బరువుకు అతుక్కుని చిక్కుపడుతుందనేది. తలంటుకు మందారాకు పిండిన జిగురు. టవలు మాత్రం తగలనిచ్చేది కాదు, గరుకుదని. సత్రపట్టిలో ఆస్పత్రుల కోసం నేసే బ్యాండేజి గుడ్డ తెప్పించి, ఆ మెత్తటి గుడ్డను తలకు చుట్టి తడి ఆర్పేది. అలా తలంతా కట్టుకుని పిల్ల వాకిట్లో ఎండకు కూర్చుంటే ఎవరో చూసి, సేత్తూరులో ఉన్న నా బావమరిదికి చెప్పేశారు. వాడు బస్సెక్కి, సాత్తుకుడి పండ్లు, అవే బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు.

"బావా! పాపకి తలలో ఎట్ల తగిలినాది? ఎన్ని కుట్లు ఏసినారు?"

అక్కే జవాబు చెప్పింది. "తగిలినాది నీళ్లు. కుట్లు ఏమీ ఎయ్యలేదు, ఆరినాక జడ ఏస్తాము."

"ఇంగ ఈ బ్రెడ్డు?"

"జుట్టుకి బ్రెడ్డు పెట్టరప్పా. కాఫీలో ముంచుకొని తింటాము, ఇట్లియ్యి."

ఆ బ్రెడ్డు అందరం తిన్నాం. వాడు కూడా తిన్నాడు.

పిల్లకు చిన్నప్పటినుంచీ ఒకటే ఆశ. తన పెళ్లికి సవరం పెట్టకూడదు, సొంత జడే వెయ్యాలి. హైస్కూల్లో ఉన్నప్పుడు విషజ్వరం వచ్చి, తగ్గాక జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద జుట్టు, అన్నంలో జుట్టు. మిగిలింది ఎలుకతోకలా ఉంది. పిల్ల స్కూలుకు పోనంది. చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, గుండు కొట్టిస్తే దట్టంగా వస్తుందని. నేనూ సరేనని మంగలికి కబురు పెట్టాను. పిల్ల తలుపు వేసుకుంది.

అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "తమ్ముడూ, ఒక వళర్పిరై నాకియ్యి. అప్పటికీ కాకపోతే గుండు కొట్టించు."

వళర్పిరై అంటే చంద్రుడు పెరిగే పక్షం. జుట్టు కత్తిరించేది అప్పుడే అని మా వైపు పట్టింపు. పక్షం రాగానే అక్క కత్తెర తీసుకుని, నడుము దాకా ఉన్న జుట్టును భుజాల దగ్గరికి కత్తిరించేసింది. పిల్ల గొల్లుమంది. నా భార్య విరుచుకుపడింది. "కాపాడతానంటివే, నువ్వూ కోసేదే గదా వదినా!"

"కొసలో ఉండేది ముసలి జుట్టు మరదలా. పాప చిన్నప్పటిది, నలిగినాది, చీలినాది. దాన్ని మర్యాదగా పంపితేనే పైన ఉండే పసిది ఎదిగేది."

ముసలివాణ్ణి కదా, నాకు ఆ మాట సూటిగా తగిలింది. నవ్వూ వచ్చింది. మంగలికి వద్దని కబురు చేశాను.

ఆ తర్వాత పెద్ద కోత ఎప్పుడూ లేదు. వళర్పిరై వచ్చిందంటే అక్క పిల్ల ఒళ్లో తెల్లగుడ్డ పరిచి, జుట్టును పాయలుగా తీసి, ఒక్కో పాయనూ తాడులా మెలిపెట్టేది. మెలిలోంచి చీలిన కొసలు మాత్రం బయటికి పొడుచుకొచ్చేవి. మిల్లులో దారం కత్తిరించే చిన్న కత్తెరతో వాటినే తుంచేది, పొడవు పోకుండా. అంతా అయ్యాక ఆ తుంచినవి మందారమొక్క మొదట్లో వేసేది. "దాని ఆకు మనం తీసుకుంటిమి గదా" అనేది. భుజాల జుట్టు నడుముకొచ్చింది, నడుము దాటింది, మోకాళ్ల కిందికి దిగింది! సన్నదే, ఎప్పటిలా సాలెదారమే, కానీ చివరిదాకా ఒకే తీరు. నేను వీధిలో పిల్ల వెనకాల నడిచేవాణ్ణి, ఊరికే, చూసుకోవడానికి.

పెళ్లినాటికి అక్క చేతులు వణుకుతున్నాయి. కత్తెర ఎప్పుడో మా పిల్ల చేతికి ఇచ్చేసింది. అయినా జడ మాత్రం తానే వేస్తానంది. మావాళ్లు పాతకాలపు బంగారు జడబిళ్లలు తెచ్చారు. అక్క వాటిని చేతిలో తూచి పక్కన పెట్టింది. "ఈ బరువుకి సన్నజుట్టు తెగతాది. మల్లెపూలు చాలు." వేళ్లు వణికినప్పుడల్లా ఆగేది, మళ్లీ అల్లేది. ముహూర్తానికి ఆలస్యమవుతోందని పురోహితుడు కేకలు. ఒక్క సవరం వెంట్రుక లేకుండా, మోకాళ్ల కిందికి మల్లెల జడతో పిల్ల మండపంలోకి నడిచి వచ్చింది. నేను కన్యాదానం చేస్తూ నవ్వుతూనే ఉన్నాను. ఆడపిల్ల తండ్రి కొంచెం ఏడవాలట. నాకు రాలేదు.

పోయిన రోజు అక్కకు స్నానం చేయించి, వాకిట్లో బల్లమీద పడుకోబెట్టారు. తెల్లటి జుట్టు తడికి ముద్దయిపోయి ఉంది. అత్తవారింటి నుంచి మా పిల్ల అప్పుడే వచ్చి, ఎవరినీ అడగకుండా తల దగ్గర కూర్చుని దువ్వెన తీసుకుంది. తన జడ పక్కన నేలమీద పడి ఉంది.

"బిరాన దువ్వమ్మా, టైమ్ అయినాది" అంది పక్కనున్న పెద్దామె. "ఇంగ ఆమెకి నొప్పి యాడిది?"

పిల్ల చిక్కుకు కాస్త పైన ఆ తెల్లజుట్టును పిడికిట్లో పట్టుకుంది, లాగేది తలదాకా పోకుండా. కొస దగ్గర దువ్వెన పెట్టింది. విడిపోయాక పిడికిలి కొంచెం పైకి, మళ్లీ కొంచెం పైకి. అంతమంది ఎదురుచూస్తుంటే, ఒక్కో వెంట్రుకనూ అడుగుతూ కూర్చుంది.