టైరులో వేరుశనగ కట్టె

ఇద్దరం, రెండు గేర్ల సైకిళ్లు, ఒక గుడారం, నాలుగు స్పేర్ ట్యూబులు. పోయిన జనవరిలో నేనూ, మిత్రుడు నరేశ్ గద్వాల నుంచి కొండదారుల్లో సోమశిలకు బయల్దేరాం. కొల్లాపూర్ చేరకముందే తుమ్మముళ్లకు ట్యూబులన్నీ అయిపోయి, నా వెనక టైరు చతికిలబడింది. కొండదారి మానుకుని చేలవైపు దిగాం.

"పొద్దు గూకితే ఎలుగుబంట్లు దిగుతయి బిడ్డా, జల్ది పోండ్రి" అంది వేరుశనగ పీకుతున్న ఒకామె.

టైరులో గడ్డి కుక్కినా నడుస్తుందని ఎక్కడో చదివాను. గడ్డి అడిగితే, కాయలు తెంపేసిన కట్టె, అంటే పశువుల మేతకు వాడే వేరుశనగ మొక్కలు ఇచ్చింది. బిగించి కుక్కాం.

"ఏందిరో, మీ సైకిల్ గూడ మేత తింటదా?" అని ఆమె ఒకటే నవ్వు.

సైకిలు కదిలింది. దారిలో మేకలమంద వెంటపడి, టైరు అంచున వేలాడే ఆకులు పీకసాగింది.

"ఆపకురా, తొక్కు!" అని నరేశ్ అరుపు.

చీకటి పడకముందే కొల్లాపూర్ చేరాం. వరిగడ్డి అయితే ఎంత దూరం వచ్చేదోనని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వేరుశనగ కట్టె మీద వచ్చింది తొమ్మిది కిలోమీటర్లు.