నేను మార్కులు వేసిన రెండు బళ్లు

మొన్న పొద్దున నా తమ్ముని కూతురు ఫోను పట్టుకొని వచ్చి, తెలుగు, మరాఠీ సీమల సరిహద్దున ఉన్న మా రాజురా వైపు సర్కారు బళ్లన్నిటికీ ఎవరో నక్షత్రాలు ఇచ్చి వరుసగా పేర్చిన జాబితా నా ముందు పెట్టింది. వచ్చే ఏడు ఆమె కొడుకును ఒకటో తరగతిలో వేయాలి. "అత్తా, నువ్వు గిన్నేండ్లు బడిల జేసినవ్ గదా, గీ రెంట్ల ఏది మంచిదో జెర చెప్పు" అంది. కళ్లద్దాలు తెచ్చుకుంటానని లోపలికి వెళ్లిన దాన్ని చాలాసేపు బయటికి రాలేదు.

నేను బడిలో బాయిగా, అంటే పంతులమ్మగా, చేరిన రెండో ఏడు, నౌకరీ ఇంకా పక్కా కానప్పటి మాట. ఆ రోజుల్లో వానాకాలం మొదట్లో బళ్లను చూసి, ఒకదానితో ఒకటి పోల్చి, మంచి బడికి జెండా పండుగనాడు షీల్డు ఇచ్చేవారు. మార్కులు వేయవలసింది మా కేంద్రప్రముఖ్, అంటే పది పన్నెండు బళ్లను చూసుకునే పెద్దాయన. సరిహద్దు ఊళ్ల చిన్నపిల్లలకు ఇంకా మరాఠీ రాదు కాబట్టి, విరూర్ దగ్గరి రైతుల ఇంట పుట్టి తెలుగు మాట్లాడే నన్ను ఆయన జీపులో వెంటబెట్టుకుపోయారు.

చూడవలసిన బళ్లలో చివరికి రెండు మిగిలాయి; వాటికి ఫారంలో మార్కులు వేసే పని ఆయన నాకే అప్పజెప్పారు. రెండూ ఒకే సున్నపురాయి గనికి చెరో వైపున ఉండేవి. మొదటి దాన్ని చూస్తే నాకు జాలే వేసింది. గోడలకు సున్నం లేదు, గదులు ఖాళీ. అక్కడి గురుజీ ఎండైతే ఇప్పచెట్టు కింద, వానైతే పక్కింటివాళ్ల పశువుల కొట్టంలో పాఠం చెప్పేవారు. ఆయన నన్ను గదిలోకి తీసుకుపోయి గోడ మీది పగులును చూపించారు. నెలనెలా అది ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నారు. "పిల్లల కంటె గిదే జల్ది పెరుగుతున్నది బాయీ" అన్నారు. నేను తల ఊపి, శుభ్రత గడిలో సున్నా, తరగతి గది గడిలో సున్నా వేశాను.

రెండో బడి పెళ్లిల్లులా ఉంది. కొత్త సున్నం వాసన, గుమ్మానికి తోరణం, పొడుగాటి గోనెపట్టాల మీద బారుగా పిల్లలు. రెండో తరగతిలో ఒక పాప మాత్రం పలక ఒళ్లో పెట్టుకొని, గోడకు దూరంగా నడిమధ్యలో ఒంటరిగా కూర్చుంది. ఎందుకే అని తెలుగులో అడిగేసరికి దాని ముఖం వెలిగింది.

"గోడ సప్పుడు చేస్తది బాయీ."

"ఏం సప్పుడు?"

"నమిలినట్ల. గని పేలినంక ఇంకింత చేస్తది."

దాని మాట నాకు పూర్తిగా అర్థమైంది. అయినా ఫొటో తీసే మనిషి తొందరపెడుతున్నాడు, బారు చెడిపోతుందని నేనే దాని చెయ్యి పట్టి తీసుకుపోయి గోడవారన కూర్చోబెట్టాను. "ఏం గాదు, గీడనే కూసో, లేవకు" అన్నాను. అది కూర్చుంది.

మధ్యాహ్నం గనిలో పేలుడు జరిగింది. కాళ్ల కింద నేల వణికి ఆగింది. కిటికీ మూల నుంచి ఆ తెల్లటి సున్నం మీద వెంట్రుక మందాన ఒక గీత నా కళ్లముందే పాకింది. అక్కడి పెద్ద గురుజీ లేచి, దాని మీద దేశపటం తగిలించి, చాయ్ తాగుదాం రండన్నారు.

తిరిగి వస్తూ జీపులో ఆ గీత సంగతి చెప్పాను. కేంద్రప్రముఖ్ చెడ్డమనిషి కాదు, నన్ను కూతురిలా చూసుకునేవారు. "ఫారంల గోడకు రంగు ఉన్నదా లేదా అని అడిగిండ్రు, పగులు గురించి అడగలే. నీ నౌకరీ ఇంకా పక్కా గాలె బిడ్డా" అని తన మరాఠీలో చెప్పారు. నేను సంతకం పెట్టాను.

ఆ రెండో బడికి షీల్డు ఇచ్చిన తర్వాత వారం రోజులు వాన తెరపి ఇవ్వలేదు. ఎనిమిదో రోజు ఎండ వచ్చింది, బడి నడుస్తుండగా ఆ గోడ లోపలికి కూలింది. ముగ్గురు పిల్లలకు దెబ్బలు తగిలాయి. ఇద్దరు నెలలో కోలుకున్నారు. ఆ పాపకు కాలు నుజ్జయింది.

చాందా పట్నం దవాఖానలో దాన్ని చూడటానికి పోయాను. తల్లి మంచం పక్కన నేలమీద కూర్చొని ఉంది, నేనెవరో ఆమెకు తెలియదు. పాప మాత్రం గుర్తుపట్టింది. నేను కోప్పడతాననుకుందో ఏమో, "నేను లేవలే బాయీ, నువ్వు చెప్పిన కాడనే కూసున్న" అంది.

పండ్లు అక్కడ పెట్టి, మెట్లు దిగి, బస్సు ఎక్కాను. గోడ గీత నాకు ముందే కనిపించిందని విచారణకు వచ్చిన అధికారికి కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. మరి ఎవరూ అడగలేదు. నా నౌకరీ పక్కా అయింది. ఆ పాప మళ్లీ బడికి పోలేదని చాలా కాలానికి తెలిసింది.

మా ఈడువాళ్లం కలిసినప్పుడు ఆ కాలపు బళ్లే బళ్లంటాం, నేనూ అంటాను. ఇప్పుడు గోడలు సిమెంటువి, పిల్లల కాళ్లకు బూట్లున్నాయి, ఇంటిముందుకే బస్సు వస్తుంది. కాని మా సరిహద్దు బళ్లలో తెలుగు తెలిసిన బాయి ఒక్కరూ మిగల్లేదు. పిల్లలు మరాఠీలో పద్యాలు గడగడా చెబుతారు, ఇంగ్లీషులో పండ్ల పేర్లు చెబుతారు. భయం వేసినప్పుడు మాత్రం నోటికి ఇంటి మాటే వస్తుంది. నాకు ఆ మాట తెలిసి ఉండి కూడా అట్లా చేశాను. ఆ జాబితాలోని ఏ బడి గదిలోనైనా ఈ రోజు ఒక బిడ్డ ఆ మాటలో తన భయం చెబుతూ ఉంటే, అక్కడ అది తెలిసిన మనిషి కూడా లేరు.