పోగు కాల్చి చూపే అక్క

నాయుడుపేటలో మా పక్కింటి అక్క ఫోన్ లైవ్‌లో పట్టుచీరలు అమ్మేది. ప్రతి చీరకూ ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, "బూడిదైంది చూడండమ్మా, అసలు పట్టు!" అనేది. ఫోను పట్టుకోవడం నా పని.

ఒకసారి కొత్త సరుకులో పోగు బూడిద కాలేదు, కరిగి ముద్దయింది. నేను గాభరాగా ఫోను పక్కకు తిప్పబోయాను.

"తిప్పబాకమే!" అని అరిచి, ఆ ముద్దను ఫోను ముందు పెట్టింది. "ఇది ప్లాస్టిక్కమ్మా. హోల్‌సేలాయన నన్ను ముంచినాడు. ఎవరూ కొనబాకండి." పెట్టుబడంతా అందులోనే ఉంది.

లైవ్ ముగియగానే ఒకామె ఫోన్ చేసింది. "అక్కా, ఆ ప్లాస్టిక్ చీరే పంపించు. మా ఆడబిడ్డకు పెట్టాల."

అక్క మొహం వెలిగింది. "పంపిస్తా తల్లీ. నకిలీదని ఆమెకు చెప్పి పెట్టాల, సరేనా?"

అవతల ఫోను పెట్టేశారు.

"లైను కట్టయింది, మళ్లీ చేస్తాదిలే" అంటూ అక్క ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.