చిలకకు గద్ద తలకాయ

మొన్న సోమవారం అల్వాల్‌లో కంటి డాక్టరమ్మ దగ్గర రెండు గంటల పది నిమిషాలు కూర్చున్నాను. మా బిడ్డ కొడుకు కొత్త ఉద్యోగానికి కంటి పరీక్ష కాగితం కావాలన్నారు. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఒకటి వాడి ముందు పెడితే, పద్నాలుగు పేజీల్లో మూడే చదవగలిగాడు. మా బిడ్డ బెంబేలు పడింది కానీ, ఇది తల్లివైపు తాత నుంచి వచ్చే రంగుల చూపు తేడా అనీ, జబ్బు కాదనీ, ఈ ఉద్యోగానికి అడ్డు రాదనీ చెప్పి డాక్టరమ్మ సంతకం పెట్టేసింది. బయటికి రాగానే మనవడు నవ్వాడు.

"తాత భూమి ఒస్తదనుకుంటే తాత కండ్లొచ్చినయ్ గదనే అమ్మమ్మా!"

వాడు అంత తేలిగ్గా నవ్వుతుంటే, అదే మాటను నేనూ మా ఇంటాయనా నాలుగేళ్ల మూడు నెలలు ఎవరి చెవినా పడకుండా దాచిన సంగతి గుర్తుకొచ్చింది.

మా ఇంటాయన పెళ్లికి ముందు ఆరేళ్లు ఒక మేస్త్రీ దగ్గర ఇళ్లకు రంగులేసే పని చేశాడు. లప్పం పెట్టి గోడను ఆయన సాపు చేస్తే, అరచేత్తో నిమిరితే పలక మీద నిమిరినట్టుండేది. పెళ్లయిన ఏడో నెలలో మేడ్చల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, రెండు నిచ్చెనలు, నాలుగు బకెట్లతో సొంతంగా పని మొదలుపెట్టాడు. ఆ నెలలోనే పచ్చ గాజులు తెమ్మంటే ఇటుక రంగు గాజులు తెచ్చాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. అప్పుడు చెప్పాడు, పచ్చకూ ఇటుక రంగుకూ తన కంటికి తేడా తెలియదనీ, ఇన్నాళ్లూ మేస్త్రీ కలిపిచ్చిన రంగు వేశాడు గనుక ఎవరికీ తెలియలేదనీ. మా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో రంగులు తెలియని రంగులాయన అంటే గుమ్మం కూడా ఎక్కనిచ్చేవారు కాదు.

అందుకని కలపడం నా పనైంది. ఏ ఇంటికి ఏ రంగు, బకెట్టు తెల్లరంగుకు పచ్చ సీసా ఎన్ని మూతలు, పసుపు ఎన్ని మూతలు, గోడ పొడవెంత, ఎత్తెంత, అన్నీ పుస్తకంలో తారీఖు వేసి రాసేదాన్ని. నేను కొలిచి కలిపిన రంగు చాలకపోవడమో, మిగిలిపోవడమో జరిగేది కాదు. ఆ గర్వం నాకుండేది, ఒప్పుకుంటాను.

ఆ గర్వం దిగింది శామీర్‌పేటలో, చేపలు పట్టే వాళ్ల కొత్త ఇంటి దగ్గర. ఆ ఇంటి పెద్దావిడ ముందు గోడకు చిలకపచ్చే కావాలంది. ముప్పై అడుగుల పొడవు, పదకొండడుగుల ఎత్తు అని లెక్కగట్టి రంగు కలిపి పంపాను. అంతలో బిడ్డకు జ్వరమొచ్చి ఇంట్లోనే ఉండిపోయాను. పైన మూడడుగుల పిట్టగోడను లెక్కలో వేసుకోలేదు. తొంభై చదరపుటడుగులు నా తప్పు. బుధవారం సాయంత్రం రంగు అయిపోయింది, కూలీలు వెళ్లిపోయారు, శుక్రవారం గృహప్రవేశం. సెల్‌ఫోన్లు లేని కాలం. ఈయన అటూ ఇటూ చూసి, మిగిలిన తెల్లరంగులో సంచిలోని ఎర్ర, పచ్చ సీసాలు తానే కలిపి, తన కంటికి సరిగ్గా అతికిందనుకుని, పిట్టగోడంతా పూసి ఇంటికొచ్చి సంతోషంగా భోంచేశాడు.

గురువారం పొద్దున జ్వరం తగ్గిన బిడ్డను చంకనేసుకుని ఆయనతోపాటు వెళ్లి బస్సు దిగేసరికే ఆ ఇంటి ముందు పదిమంది ఉన్నారు. కింద నిగనిగలాడే చిలకపచ్చ, పైన మట్టి గోధుమరంగు.

"గిదేందిరా, ఒళ్లు చిలకది, తలకాయ గద్దది?" అంది పెద్దావిడ. అందరూ ఘొల్లున నవ్వారు. ఈయన గోడను చూడలేదు, నా ముఖం చూశాడు, తప్పు ఎక్కడుందో నా ముఖంలోనే తెలిసేది గనుక. గుంపులో ఎవరో, దుకాణపోడు కల్తీ సీసా ఇచ్చుంటాడని అన్నారు. ఆ మాట పట్టుకుంటే బయటపడతాం. నేను నోరు తెరిచాను కూడా.

"దుకాణపోని తప్పు గాదవ్వా," అన్నాడు ఈయన. "నాకు పచ్చ కానరాదు. చిన్నప్పటి సంది గంతే. రంగు మా ఇంటామె కలుపుతది."

ఇక మేడ్చల్‌లో గది ఖాళీ చేయడమే అనుకున్నాను. పెద్దావిడ ఇంట్లోకి వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టి, ఒక మూల నుంచి ఇంకో మూలదాకా నిమురుకుంటూ నడిచి, బయటికొచ్చింది.

"కండ్లు ఆమెయి, చెయ్యి నీది. మస్తుగున్నది గదరా, గిండ్ల దాసుడేంది? ఓ బిడ్డా, పోరిని నాకియ్యి, నువ్వు జల్దీ రంగు కలుపు. రేపటికి నా ఇంటి మీద గద్ద ఉండొద్దు!"

లెక్కలో పిట్టగోడ మరిచింది నేనేనని అప్పుడు చెప్పాను. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. చీకటి పడకముందే రెండు పూతలూ అయ్యాయి. ఆ రాత్రి ఈయన నిద్రపోయినట్టు నాలుగేళ్లలో ఎప్పుడూ నిద్రపోలేదు. తర్వాత గండిమైసమ్మ చౌరస్తా నుంచి కూడా పని మీద వచ్చినవాళ్లు, రంగు కలిపే ఆమెను తప్పకుండా తీసుకురమ్మని చెప్పి మరీ పోయేవారు. ఈయన కూడా మారాడు. అంతవరకు నోరెత్తని మనిషి, దారిలో ప్రతి గోడనూ చూపించి అదేం రంగు, ఇదేం రంగు అని పదిమందిలో అడిగేవాడు. నేను విసుక్కోకుండా చెప్పేదాన్ని.

ఇప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా లేచిన ఇళ్లకు ఎటు చూసినా తెలుపు, బూడిద, మళ్లీ తెలుపు. "లోకమంత నా కండ్ల లెక్కకొచ్చింది సూడు," అంటాడు ఈయన, అడిగే పని లేక. దాచుకునే పనీ లేదు, భయమూ లేదు, హాయిగానే ఉంది. అయినా ఆటోలో పోతున్నప్పుడు, ఆయనకు చెప్పడానికి ఒక్క పచ్చ గోడైనా కనపడుతుందేమోనని నేను బయటికే చూస్తూ కూర్చుంటాను.